అడ్వాంటేజ్ అంటే లాభం కాదు తమ్మీ, నువ్వు నిలబడ్డ జాగ

ప్రశ్న: అక్కా నమస్తే. మాది దేవరకొండ దిక్కు ఓ చిన్న ఊరు, చుట్టూ తండాలే. టెన్త్ దాకా సర్కారు బడిల తెలుగు మీడియం, డిగ్రీ నల్గొండల చేసిన. మొన్న ఓ ప్రైవేట్ బ్యాంకుల ఫీల్డ్ ఆఫీసర్ ఇంటర్వ్యూకు పోతే "వాట్ ఈజ్ యువర్ అడ్వాంటేజ్ ఓవర్ అదర్ క్యాండిడేట్స్" అని అడిగిర్రు. అడ్వాంటేజ్ అంటే లాభం అని నాకు తెలుసు కాబట్టి జీతం వస్తే ఇంటికి లాభమని చెప్పిన, వాళ్లు ఒకల మొకం ఒకలు చూసుకున్నరు. అదొక్కటే కాదక్కా. నాకు రెండు నెలలు పైసా తీసుకోకుంట కోచింగ్ చెప్పిన సారుకు థాంక్స్ చెప్తామని "ఐ టుక్ అడ్వాంటేజ్ ఆఫ్ యూ సర్" అని మెసేజ్ పెట్టిన. సారు చూసిండు, జవాబియ్యలే. దోస్తులకు చూపిస్తే నవ్విర్రు, ఎందుకో చెప్పలే. అసలు ఈ మాటకు అర్థం ఏంది? తెలుగు మీడియమే నాకు డిస్‌అడ్వాంటేజా? వచ్చే వారం ఇంకో ఇంటర్వ్యూ ఉన్నది.

జవాబు: తమ్మీ, ముందుగల్ల సారు ముచ్చట జూద్దాం, ఎందుకంటే ఇంటర్వ్యూకు ఇంకో వారం ఉన్నది గానీ సారు మనసుల ఆ మెసేజ్ ఇప్పుడు కూడ ఉన్నది. నువ్వు రాసిన దాన్ని మన బాసల చెప్తే "సార్, మీ మంచితనాన్ని అలుసుగ తీసుకొని మిమ్మల్ని వాడుకున్న" అని వస్తది. నువ్వు అనుకున్నది అది కాదని నాకు తెలుసు, సారుకు కూడ లోపల తెలిసే ఉంటది, కానీ రెండు నెలలు కష్టపడి చెప్పిన మనిషికి ఆ మాట కండ్ల ముందట కనపడితే ఒక్క ఘడియ చివుక్కుమంటది కదా. ఈ రోజే, ఇది చదివినంక ఫోన్ పక్కన పెట్టక ముందే ఇంకో మెసేజ్ పెట్టు. ఇంగ్లీషులనే పెట్టాలని ఉంటే "ఐ బెనిఫిటెడ్ అ లాట్ ఫ్రమ్ యువర్ టీచింగ్, సర్" అని రాయి, దాని కింద తెలుగుల "సార్, మొన్న రాసిన మాటకు అర్థం తెల్వక రాసిన, తప్పుగ అనుకోకున్రి" అని రాయి. తెలుగుల రాసిన ఆ లైనే సారుకు ఎక్కువ ముడుతది.

ఆ మాట ఎందుకు అట్ల తిరగబడ్డదో చెప్త. అడ్వాంటేజ్ ఒక్కటే ఉంటే మంచి మాటనే. "టేక్ అడ్వాంటేజ్ ఆఫ్" అన్నప్పుడు ఆ "ఆఫ్" తర్వాత ఏమొస్తదో చూడాలె. తర్వాత వచ్చేది ఒక సౌలత్ అనుకో, అవకాశం అనుకో, టైం అనుకో, ఏం ఫికర్ లేదు. టేక్ అడ్వాంటేజ్ ఆఫ్ ది లైబ్రరీ అంటే లైబ్రరీ ఉన్నది, మంచిగ వాడుకో అని. టేక్ అడ్వాంటేజ్ ఆఫ్ ది ఆఫర్ అన్నా అంతే, మోకా దొరికింది ఇడిసిపెట్టకు అని. కానీ ఆఫ్ తర్వాత మనిషి వస్తే, లేకపోతే మనిషి గుణం, అంటే మంచితనం, నమ్మకం, అమాయకత్వం, అవసరం ఇట్లాంటివి వస్తే అప్పుడది అలుసుగ తీసుకునుడు, మోసం జేసుడు. ఆడపిల్ల గురించి ఆ మాట అంటే ఇంకా బరువైన అర్థం ఉంటది, కాబట్టి అక్కడ ఇంకింత జాగ్రత్త. తెలుగుల ఈ రెండిటికి మనకు వేరే వేరే మాటలున్నయ్, ఒకటి సద్వినియోగం చేసుకునుడు, ఇంకోటి అలుసుగ తీసుకునుడు. ఇంగ్లీషోళ్లు రెండిటికి ఒకే మాట పెట్టుకున్నరు, అందుకే మనం అక్కడ పడతం.

ఇగ లాభం సంగతి. నీకు లాభం అని ఎవరు నేర్పిర్రో నాకు తెలుసు తమ్మీ, ఎందుకంటే నేను పాలమూరు జిల్లాల సర్కారు బళ్లల్ల ఇరవై ఏండ్లు ఇంగ్లీషు చెప్పిన, పిల్లలు గైడ్లు పట్టుకొని వచ్చేది, అందుల "అడ్వాంటేజెస్ అండ్ డిస్‌అడ్వాంటేజెస్ ఆఫ్ మొబైల్ ఫోన్" అని వ్యాసం, దానికి తెలుగుల లాభాలు – నష్టాలు అని రాసి ఉంటది. అక్కడ అది నడుస్తది, తప్పు కాదు. కానీ ఆ ఒక్క వ్యాసం పట్టుకొని పిల్లలు జిందగీ మొత్తం అడ్వాంటేజ్ అంటే లాభమే అనుకుంటరు. ఇంగ్లీషుల ప్రాఫిట్ వేరు, బెనిఫిట్ వేరు, అడ్వాంటేజ్ వేరు. మన దిక్కు మాటలల్లనే చెప్తే ప్రాఫిట్ అంటే నఫా, బెనిఫిట్ అంటే ఫాయిదా, అడ్వాంటేజ్ అంటే పైచేయిల ఉండుడు, మొగ్గు మన దిక్కు ఉండుడు.

నల్గొండ జిల్లాల ఉన్నవు కాబట్టి బత్తాయి తోట పెట్టి చెప్త. ఇద్దరు రైతులు, ఇద్దరికీ నాలుగు నాలుగు ఎకరాల బత్తాయి. ఒకాయన తోట తారు రోడ్డు మీద, ఇంకొకాయనది లోపలికి మూడు కిలోమీటర్లు బండ్ల బాట. కాయ కోతకు వస్తే రోడ్డు మీది తోట కాడికి లారీ సీదా వస్తది, లోపలాయన ట్రాక్టర్ కిరాయి కట్టి కాయ రోడ్డెక్కియ్యాలె, వాన పడితే ఆ ట్రాక్టర్ కూడ పోదు. తోట రోడ్డు మీద ఉండుడు అనేది అడ్వాంటేజ్. ట్రాక్టర్ కిరాయి మిగులుడు బెనిఫిట్. అన్నీ పోను చేతిల మిగిలిన పైసలు ప్రాఫిట్. రేటు పడిపోయింది అనుకో, ప్రాఫిట్ పోతది, రోడ్డు మీదాయన కూడ తల పట్టుకొని కూసుంటడు, కానీ ఆయన తోట రోడ్డు మీదనే ఉంటది, అడ్వాంటేజ్ యాడికీ పోలే. నష్టం వచ్చిన ఏడు కూడ ఆయనకు లోపలాయన మీద అడ్వాంటేజ్ ఉన్నది. ఇప్పుడు లాభం అని రాస్తే ఎంత తేడా కొడుతదో నీకే సమజైతది.

ఈ మాట పుట్టుక చూస్తే కూడ ఇదే కనపడుతది. ఫ్రెంచిల "అవాఁ" అంటే ముందు, ముందట అని. ఆ అవాఁ కు ఎనుక లాటిన్ మాట "ఆంతె" ఉన్నది, దానికీ ముందు అనే అర్థం. అది నీకు తెల్వంది కాదు, గడియారంల పొద్దుగాల టైముకు ఏ.ఎం. అని రాస్తం చూడు, అందుల "ఏ" అంటే ఈ ఆంతెనే, నడిపొద్దు కంటె ముందు అని. అట్ల ముందట ఉండుడు అనే అర్థంతోని ఫ్రెంచిల అవాంతాజ్ అయ్యింది, అది ఇంగ్లీషులకు వచ్చింది. వచ్చిన కొత్తల దాంట్ల "డి" లేకుండె. 16వ శతాబ్దం ప్రాంతంల చదువుకున్నోళ్లు ఇది లాటిన్ "అడ్" తోని మొదలైన మాట కావచ్చు అనుకొని నడుమ డి చేర్చిర్రు, అది అట్లనే ఉండిపోయింది. ఫ్రెంచోళ్లు ఇప్పటికీ డి లేకుంటనే రాస్తరు. ఇంత పెద్ద పెద్ద పండితులే ఓ మాట పుట్టుకను తప్పుగ అనుకొని స్పెల్లింగే మార్చిర్రు, నువ్వు ఒక్క మెసేజ్‌ల తప్పు రాస్తే దానికి అంత కుంగిపోవుడు అవసరం లేదు తమ్మీ.

అదే అవాఁ నుంచి ఇంకో మాట కూడ వచ్చింది, అడ్వాన్స్. దానికీ డి అట్లనే ఎక్కింది. అడ్వాన్స్ అంటే పాలమూరు వాళ్లకు ఎవ్వరూ చెప్పాల్సిన పని లేదు. మా తాత గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకొని వలస పోయినోడు, సాగర్ కట్ట మీద రాళ్లు మోసినోడు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ వచ్చి ఆ డ్యామ్‌కు పునాది రాయి ఏసిండు, రాతి కట్టడం కాబట్టి మనుషుల చేతుల మీద ఎంత పని నడిచిందో సోంచాయించు. మా నాయనమ్మ చెప్పేది, ఇంట్ల గింజలు అయిపోయినప్పుడే మేస్త్రీ వచ్చేటోడట, నిండుగ ఉన్నప్పుడు రాడట. అడ్వాన్స్ చేతిల పడ్డంక కూలి ఎంతియ్యాల్నో ఎన్ని గంటలు చెయ్యాల్నో అడిగే నోరు మనకు ఉండదు. అంటే ముందుగల్ల పైసలిచ్చినోడు ముందట నిలబడ్డడు, వాడికి అడ్వాంటేజ్ వచ్చింది, ఆ అడ్వాంటేజ్‌తోని ఎదుటోళ్ల అవసరాన్ని అలుసుగ తీసుకున్నడు. అడ్వాన్స్, అడ్వాంటేజ్, టేక్ అడ్వాంటేజ్ మూడూ ఒక్క మేస్త్రీ కథల దొరుకుతయ్. బడిల ఈ మాట చెప్పాల్సి వస్తే నేను టెక్స్ట్‌బుక్ మూసి మా తాత ముచ్చట చెప్పేది, పిల్లల ఇండ్లల్ల కూడ అసొంటి తాతలు ఉండిరి కాబట్టి ఇంకోసారి చెప్పే అవసరం రాకపోయేది.

ఇప్పుడు అసలు సంగతి. అడ్వాంటేజ్ అంటే మంచి జాగల ఉండుడు అన్న కదా, ఏ జాగ మంచిది అనేది పనిని బట్టి ఉంటది. మీ దేవరకొండ ఖిల్లానే చూడు. ఏడు గుట్టల నడుమ పద్మనాయక రాజులు కట్టుకున్నరు, ఎందుకు అక్కడ, కింద సాపు నేల మీద కట్టుకుంటె నీళ్లు మోసే తిప్పలన్నా తప్పేది కదా. పైన బురుజు మీద నిలబడ్డోనికి కింద వచ్చేటోడు ఆమడ దూరంల ఉండంగనే కనపడుతడు, కింద ఉన్నోడు పైకి ఎక్కుకుంట కొట్లాడాలె. భువనగిరి గుట్ట ఇంకా చెప్పాలె, ఒక్కటే బండ, దాని మీద ఖిల్లా. ఇట్ల పైన నిలబడి చూసే జాగను ఇంగ్లీషుల వ్యాంటేజ్ పాయింట్ అంటరు, ఆ వ్యాంటేజ్ కూడ ఇదే మాట, ముందటి అక్షరం ఊడిపోయి మిగిలింది. ఖిల్లాకు ఎత్తు అడ్వాంటేజ్.

అదే నీళ్లకు చూడు, ఉల్టా అయితది. సాగర్ మీకు ఎంత దగ్గర, మిర్యాలగూడ కంటే మీకు దూరమేం కాదు, కానీ ఎడమ కాల్వ హాలియా మీదుంగ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ దిక్కు పోయింది, మీ దిక్కు ఎక్కలే, ఎందుకంటే మీది ఎత్తు. నీరు పల్లమెరుగు అని పెద్దోళ్లు అన్నది అందుకే. పుట్టంగండి కాడ మోటర్లు పెట్టి అక్కంపల్లి రిజర్వాయర్ల పోస్తేగానీ పైకి నీళ్లు రాలే. ఖిల్లా కట్టినోళ్లకు అడ్వాంటేజ్ అయిన ఆ ఎత్తే మీ నాయనకు వరి పెట్టుకునే కాడ డిస్‌అడ్వాంటేజ్ అయ్యింది. గుట్ట అదే, నేల అదే, పనే వేరు. కాల్వ కింద కూడ అంతే, తూము దగ్గరోని మడి ముందు తడుస్తది, చివరి ఆయకట్టోడు రాత్రి టార్చ్ లైట్ పట్టుకొని గట్ల మీద తిరుగుతడు, అట్లని తూము కాడోడు ఎక్కువ కష్టపడ్డట్టు కాదు, చివరోడు సోమరిపోతు కాదు. జాగ అట్ల పడ్డది.

నీ తెలుగు మీడియం ప్రశ్నకు ఇదే నా జవాబు. అది డిస్‌అడ్వాంటేజా అని ఊకె అడిగితే జవాబు లేదు తమ్మీ, దేనికి అని అడుగాలె. హైదరాబాద్‌ల ఏసీ రూంల కూసొని ఇంగ్లీషుల గ్రూప్ డిస్కషన్ పెడితే అవును, డిస్‌అడ్వాంటేజే, కాదని నీకు అబద్ధం చెప్ప. కానీ నువ్వు పోయేది ఫీల్డ్ ఆఫీసర్ నౌకరికి. లోన్ తీసుకునేటోళ్లు రైతులు, మహిళా సంఘాలోళ్లు, తండాలోళ్లు. వాళ్ల ముందట ఇంగ్లీషు మీడియం పిల్లగాడు కూసొని ఈఎంఐ, టెన్యూర్ అంటుంటే వాళ్లు తల ఊపుతరు గానీ సంతకం దేనికి పెడుతున్నరో తెల్వదు. నువ్వు కిస్తు అంటవు, మిత్తి అంటవు, నూటికి ఎంత అని లెక్క చెప్తవు. చుట్టూ తండాలే అన్నవు, అంటే నీకు లంబాడి బాస కూడ వస్తదనే అనుకుంటున్న. అది ఎంత పెద్ద అడ్వాంటేజో ఇంటర్వ్యూల చెప్పకుంట ఇంట్ల పెట్టుకొని పోయినవు.

డిస్‌అడ్వాంటేజ్డ్ అనే మాట కూడ ఓసారి చూడు, నీకు ధైర్యం వస్తది. 2009 విద్యా హక్కు చట్టంల ప్రైవేట్ బడులల్ల 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు, డిస్‌అడ్వాంటేజ్డ్ గ్రూప్ పిల్లలకు ఇయ్యాలని రాసిర్రు. ఆ మాటను చట్టంల ఎందుకు పెట్టిర్రు, ఆ పిల్లలకు తెలివి తక్కువ అనా? కాదు, వాళ్లను ఎనుకటి జాగల నిలబెట్టిర్రు, ఆ జాగను జర సరి చెయ్యాలె అని. ఆ మాటల పిల్లల మీద తప్పు పెట్టుడు ఎక్కడా లేదు.

నువ్వు ముందు ముందు గ్రూప్స్ రాస్త అంటే ఎకనామిక్స్‌ల కంపేరిటివ్ అడ్వాంటేజ్ అని వస్తది, అది కూడ ఇక్కడనే చెప్పేస్త, అది నీ ఇంటర్వ్యూకు కూడ పనికొస్తది. 1817ల రికార్డో అనే ఇంగ్లండ్ ఆయన ఇచ్చిన లెక్క ఇది. కొంత బట్ట నేసేటందుకు పోర్చుగల్‌ల 90 మందికి ఏడాది పడుతది, ఇంగ్లండ్‌ల 100 మందికి. కొంత వైన్ చేసేటందుకు పోర్చుగల్‌ల 80 మంది సాలు, ఇంగ్లండ్‌ల 120 మంది కావాలె. అంటే రెండు పనులల్ల పోర్చుగల్‌దే పైచేయి. అట్లని ఇంగ్లండ్ చేతులు ముడుసుకొని కూసోవాల్నా? వద్దు అంటడు ఆయన. వైన్‌ల ఇంగ్లండ్ చాన ఎనుక, బట్టల కొంచెమే ఎనుక, కాబట్టి ఇంగ్లండ్ బట్ట నేసి అమ్మాలె, పోర్చుగల్ వైన్ చేసి అమ్మాలె, ఇద్దరికీ ఫాయిదా. నాట్లకు పోయే కాడ ఇది రోజూ చూస్తం, పెద్దమ్మ నాటు ఏసుట్ల ఫాస్ట్, వంటల కూడ ఫాస్ట్, కానీ పెద్దమ్మను మడిల దింపి చిన్న కోడలుకు వంట అప్పజెప్తరు, ఎందుకంటే చిన్న కోడలు వంటల పెద్దమ్మ కంటే కొంచెమే నిదానం, నాటుల మాత్రం సగం కూడ ఏయలేదు. అన్నిట్ల నీకంటే ముందున్న క్యాండిడేట్ ఒకడు పక్క కుర్చీల కూసున్నా కూడ నువ్వు చేయాల్సిన పని ఒకటి ఉంటది అని దీని అర్థం.

ఇంకో సంగతి, అడ్వాంటేజ్ ఉన్నంత మాత్రాన గెలిచినట్టు కాదు. ఊర్ల వాలీబాల్ ఆడినోనివే కదా, 24-24 అయితే డ్యూస్ అంటం, అక్కడి నుంచి రెండు పాయింట్లు ముందుకు పోతేనే సెట్. టెన్నిస్‌ల 40-40 ని డ్యూస్ అంటరు, తర్వాత పాయింట్ ఎవరికొస్తే అంపైర్ వాళ్ల పేరు పెట్టి అడ్వాంటేజ్ అని పిలుస్తడు. ఇంకోటి కొడితే గేమ్, పోగొట్టుకుంటే మళ్ల డ్యూస్. మన సానియా మీర్జా 2015ల మార్టినా హింగిస్‌తోని కలిసి వింబుల్డన్ డబుల్స్ ఫైనల్ ఆడింది, ఆఖరి సెట్ల 2-5 తోని ఎనుకబడ్డరు, అడ్వాంటేజ్ మొత్తం అవతలోళ్లదే, 7-5 తోని వీళ్లు గెలిచిర్రు. మొదటి ఇంటర్వ్యూ ఖరాబైందని రెండోది కూడ పోయినట్టు కాదు.

పలుకుడు గురించి జర. మనం అందరం అడ్వాంటేజ్ అంటం, తెలుగుల అట్లనే రాస్తం, మనలో మనం మాట్లాడుకునేటప్పుడు ఏం ఫరక్ పడదు. ఇంటర్వ్యూల మాత్రం నడుమ "వాన్" మీద ఒత్తి చివర్ల "టిజ్" అని చిన్నగ అను, విలేజ్‌ను విలిజ్ అన్నట్టు. అడ్వాంటేజస్ అని విశేషణం వాడినప్పుడు మాత్రం ఒత్తు "టే" మీద పడుతది. ఇంక మనిషి మీద పైచేయి అనాలంటే ఓవర్ రావాలె, అడ్వాంటేజ్ ఓవర్ అదర్స్. ఒక వస్తువుకు ఉన్న మంచి గుణం చెప్పాలంటే ఆఫ్, అడ్వాంటేజ్ ఆఫ్ దిస్ ఫోన్. మొన్న నిన్ను అడిగిన ప్రశ్నల ఓవర్ ఉండె చూడు, అంటే వాళ్లు అడిగింది "మిగతా వాళ్ల కంటె నువ్వు ఏ విషయంల ముందున్నవు" అని. లాభం అని పట్టుకోకుంట ఆ ఓవర్‌ను పట్టుకుంటే జవాబు నీ నోట్లనే ఉండె.

వచ్చే వారం అడిగితే ఇట్ల చెప్పు, నాలుగు చిన్న చిన్న లైన్లు, పెద్ద పెద్ద మాటలు వద్దు: "సర్, ఐ స్పీక్ తెలుగు అండ్ లంబాడి. ఐ నో ద విలేజెస్ అరౌండ్ దేవరకొండ. ఐ కెన్ ఎక్స్‌ప్లెయిన్ అ లోన్ టు అ ఫార్మర్ ఇన్ హిజ్ ఓన్ వర్డ్స్. దట్ ఈజ్ మై అడ్వాంటేజ్." లంబాడి నీకు మంచిగ వస్తేనే చెప్పు, రాకపోతే ఆ మాట తీసెయ్, ఎందుకంటే అక్కడ కూసున్నోళ్లల్ల ఒకరికి వచ్చుంటే దొరికిపోతవు. ఇంగ్లీషు ఎట్లుందని అడిగితే దాచకు, నేర్చుకుంటున్న అను. చెప్పేటప్పుడు కండ్లు కిందికి దించకు. నువ్వు బండి మీద తిరిగిన ఊర్లు, తండాలు, ఏ ఊర్ల ఏ పంట, ఏ నెలల వాళ్ల చేతిల పైసలుంటయ్, ఎప్పుడుండయ్, ఇవన్ని ఓ కాగితం మీద ఈ రోజు రాత్రి రాసుకో. అది రాసేటప్పుడు మీ నాయనను పక్కన కూసోబెట్టుకో, నీకంటె ఆయనకు ఎక్కువ తెలుస్తది. సారుకు మెసేజ్ పెట్టినంకనే కాగితం ముట్టు.